పాలకూర పసుపెక్కితే ముందు నీటిని చూడండి

మిద్దె మీద చేపల తొట్టి నీటితో పెంచే పాలకూరలో లేత ఆకులు పసుపెక్కాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. అది ఇనుము లోపం. నత్రజని తక్కువైతే ముందు పాలిపోయేవి ముదురాకులు. నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; 7 అంటే తటస్థం) 8 దాటింది. అంత క్షారంలో ఇనుము ఉన్నా వేళ్లకు అందదు. మొక్కలు పెరిగే కంకర మీద వెనిగర్ చుక్కలు వేయగానే బుసబుసమని నురగ వచ్చింది: సున్నపురాయి! నీటి పీహెచ్‌ను పెంచేది అదే. దాన్ని తీసేసి గ్రానైట్ కంకర నింపాను. బోరు నీటికి బదులు వాన నీరు కొద్దికొద్దిగా కలుపుతూ పీహెచ్‌ను 7 దగ్గరికి తెచ్చాను. ఒక్కసారిగా దించితే చేపలు తట్టుకోలేవు, ఇది మాత్రం దయచేసి మరవకండి. లీటరుకు 2 మిల్లీగ్రాముల ఇనుము అందేలా డీటీపీఏ చీలేట్ (ఇనుమును వేళ్లకు అందేలా నీటిలో కరిగించి ఉంచే మందు) వేశాను. కొత్త ఆకులు పచ్చగా వస్తున్నాయి. చవకగా దొరికే ఈడీటీఏ రకం పీహెచ్ 6.5 దాటితే సరిగా పనిచేయదు.