కళ్లతో వినడం – 3వ పాఠం: బ, గ కలిస్తే డ

పోయిన పాఠంలో అద్దం ముందు నిలబడి క నుంచి మ వరకు పలకమన్నాను. చేసినవాళ్లకు ఒక సంగతి తెలిసే ఉంటుంది. మన వర్ణమాల గొంతు దగ్గర మొదలై, ఒక్కో వర్గానికీ కాస్త ముందుకు జరుగుతూ పెదవుల దగ్గర ఆగుతుంది. ఆ వరస గుర్తుంచుకోండి, ఇవాళ దానితోనే పని.

ఇంట్లో ఒకరి ముఖం దగ్గరగా కనపడేలా వీడియో తీయండి. వాళ్లు "గ... గ... గ" అనాలి. తర్వాత అదే మనిషి అదే వేగంతో "బ... బ... బ" అంటుంటే గొంతు మాత్రం రికార్డ్ చేయండి. వీడియోలో సౌండ్ తీసేసి దాని మీద బ శబ్దాన్ని అతికించాలి. ఎడిటింగ్ యాప్ తెలిసిన పిల్లలుంటే నిమిషాల్లో చేసిపెడతారు.

ఇప్పుడు చూస్తూ వినండి. చాలామందికి బ వినిపించదు, గ కూడా వినిపించదు. ద అనో డ అనో వినిపిస్తుంది. కళ్లు మూసుకుంటే బ తిరిగొస్తుంది. తెరిస్తే మళ్లీ డ! అసలు శబ్దం ఏమిటో మీకు తెలుసు, అయినా ఆగదు.

1976లో హ్యారీ మెగర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ అనే పరిశోధకులు బ్రిటన్‌లో ఈ సంగతి బయటపెట్టారు. వాళ్ల ప్రయోగంలో పెద్దవాళ్లలో 98 శాతం మందికి ఇలాగే వినిపించింది. తర్వాతి ప్రయోగాల్లో మనిషికీ మనిషికీ చాలా తేడా కనిపించింది. కాబట్టి మీకు బ అనే వినిపిస్తే టెన్షన్ పడకండి.

ఎందుకిలా? బ పలకాలంటే పెదవులు కలిసి తీరాలి. కలవలేదని కన్ను చెబుతోంది. పోనీ గ అనుకుందామంటే చెవి ఒప్పుకోదు. పెదవికీ గొంతుకీ నడుమ ఏమున్నాయి? మన వరసలో చూడండి: త వర్గం, ట వర్గం. మెదడు అక్కడ రాజీ పడుతుంది. తిప్పి చేస్తే, అంటే పెదవులు బ అని శబ్దం గ అయితే, చాలామందికి రెండూ కలగలిసి "బ్గ" లాంటిది వినిపిస్తుంది. పెదవులు మూసుకోవడం కళ్లారా చూశాక మెదడు దాన్ని కాదనలేదు.

ఇదేదో గమ్మత్తు కోసం చెప్పడం లేదు. మా అమ్మకు కొన్నేళ్లుగా వినికిడి తగ్గింది. వంటింట్లోంచి నేను అరిచి చెప్పినా అందని మాట, ఎదురుగా కూర్చుని మామూలు గొంతుతో చెబితే అందుతుంది. గోల ఎంత ఎక్కువైతే ముఖం చూడటం అంతగా అక్కరకొస్తుందని 1954లోనే అమెరికాలో సంబీ, పొలాక్ ప్రయోగం చేసి చూపించారు. గోలలో చెవి ముందు పోగొట్టుకునేది శబ్దం నోట్లో ఎక్కడ పుట్టిందన్న ఆనవాలునే. కంటికి బాగా కనపడేదీ అదే.

కంటికి కనపడనిదీ ఉంది. పాట, బాట, మాట అని శబ్దం లేకుండా అద్దంలో అని చూడండి. మూడూ ఒక్కలాగే ఉంటాయి! ఆ తేడా గొంతులోనూ ముక్కులోనూ ఉంది, అది చెవి పని. అందుకే పెదవులు చదవడమొక్కటే చాలదు, వినికిడి ఏ కొంచెం ఉన్నా దాన్ని వదులుకోకూడదు.

ఈ వారం సాధన: ఫ్యాన్ పెద్దగా పెట్టి, టీవీ వార్తల సౌండ్ మాటలు అందీ అందనంత తగ్గించండి. ఐదు నిమిషాలు అటు తిరిగి, ఐదు నిమిషాలు చదివేవారి ముఖం చూస్తూ, అందిన మాటలు కాగితం మీద రాయండి. డబ్బింగ్ సినిమాతో మాత్రం చేయొద్దు. పెదవులు మూసుకున్నచోట ప, బ, మ పడేలా డబ్బింగ్ రచయితలు ఎంత తంటాలు పడినా, మిగతా కదలికలు వేరే భాషవే. రెండు కాగితాలూ దాచండి. వచ్చే పాఠంలో, అటు తిరిగినప్పుడు జారిపోయిన అక్షరాలు ఏ వర్గానివో లెక్క తీద్దాం.