ముక్కు ఆపరేషన్‌కు ముందు తెలుసుకోవలసినవి: ఎంత తీస్తారో కాదు, ఏది నిలుపుతారో అడగండి

కనుబొమల మధ్య వేలు పెట్టి నెమ్మదిగా కిందికి జరిపి చూడండి. పైన మూడో వంతు దాకా గట్టిగా, కదలకుండా ఉండేది ఎముక. ఆ తరువాత మెత్తబడి అటూ ఇటూ కదిలేది మృదులాస్థి, అంటే కార్టిలేజ్. ఈ రెండూ అతుక్కునే చోటును సర్జన్లు కీస్టోన్ అంటారు. లోపల, రెండు రంధ్రాల మధ్య నిలువుగా నిలిచి పైకప్పును మోసే గోడ సెప్టమ్. మన వైపు ‘ముక్కులో దూలం పెరిగింది’ అనేది ఈ గోడ గురించే. సాధారణంగా అది పెరగడం కాదు, ఒక వైపుకు వంగడం. ముక్కు ఆకృతిని మార్చుకోవాలనుకునేవారు మొదట ఈ కట్టడాన్ని అర్థం చేసుకోవాలి, ఎందుకంటే ఫలితం ఎంత తీశారన్నదాని కంటే ఏది మిగిలింది, మిగిలినదానికి ఆధారం ఉందా అన్నదాని మీదే ఎక్కువగా నిలుస్తుంది.

బెర్లిన్‌లో జాక్ జోసెఫ్ 1898లో మొదలుపెట్టిన పద్ధతి ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం రాజ్యమేలింది. ముక్కు మీద ఉబ్బుగా ఉన్న గూనిని రంపంతోనో ఉలితోనో పై నుంచి తీసివేసి, అలా తెరుచుకున్న కప్పును మూయడానికి పక్క ఎముకలను కోసి లోపలికి నెట్టేవారు. వెంటనే చూస్తే ముక్కు సన్నగా, కోటేరు వేసినట్టు కనిపించేది. అయితే కప్పుతో పాటు కీస్టోన్ ఆధారం కూడా పోవడం వల్ల కొందరిలో, కొన్నేళ్లకు, మధ్య భాగం లోపలికి కుంగి, ఎముక అంచులు తలకిందులైన ‘వి’ ఆకారపు నీడలా బయటపడేవి. గాలి వెళ్లే అతి ఇరుకైన దారి, పది పదిహేను డిగ్రీల కోణం మాత్రమే ఉండే లోపలి కవాటం, అక్కడే ఉంటుంది. అది మరింత ముడుచుకుంటే ముఖం అందంగా ఉన్నా ఊపిరి అందదు.

ఈ నష్టాన్ని చూసిన సర్జన్లు రెండు దారులు పట్టారు. మొదటిది ఆధారం కట్టే పద్ధతి, అంటే స్ట్రక్చరల్ రైనోప్లాస్టీ. తీయవలసింది తీసి, బలహీనపడిన చోట రోగి శరీరం నుంచే తెచ్చిన మృదులాస్థి పట్టీలతో మళ్లీ స్తంభాలు నిలబెడతారు. 1984లో జాక్ షీన్ వివరించిన స్ప్రెడర్ గ్రాఫ్ట్ ఇందుకు మంచి ఉదాహరణ: అగ్గిపుల్లలా సన్నని పట్టీని సెప్టమ్ పక్కన కుట్టి, లోపలి కవాటం మూసుకోకుండా చూస్తారు. రెండవది ఉన్నదాన్ని ఉన్నట్టే నిలిపే ప్రిజర్వేషన్ పద్ధతి. దీనికి ఆ పేరు పెట్టింది 2018లో రోలిన్ డేనియల్ గాని, దీని మూలం 1899లో బోస్టన్‌లో గుడేల్ చేసిన ఆపరేషన్‌లోనే ఉంది. ఇంటి కప్పు ఎత్తుగా ఉందని పెంకులు పగలగొట్టకుండా, కింది గోడలో ఒక వరుస ఇటుకలు తీసి కప్పు మొత్తాన్ని దించడం లాంటిది ఇది. సెప్టమ్‌లో ఒక పట్టీ తీసి, పక్క ఎముకలను కోసి, ముక్కు పైకప్పును చెక్కుచెదరకుండా కిందికి జారుస్తారు. ఎముక కోతకు ఇప్పుడు కొందరు అల్ట్రాసోనిక్ పరికరాన్ని వాడుతున్నారు.

ఏ పద్ధతి గొప్పదని అడగడం కంటే మీ ముక్కుకు ఏది సరిపోతుందని అడగడం మంచిది. ఎత్తైన, చాలావరకు తిన్నగా ఉన్న, ఇంతకుముందు ఎవరూ ముట్టని ముక్కుకు ప్రిజర్వేషన్ చక్కగా నప్పుతుంది. గూని కొంత మళ్లీ తేలే అవకాశం మాత్రం ఉంది. బాగా వంకరపోయినదానికి, దెబ్బ తగిలి కుంగినదానికి, ఒకసారి ఆపరేషన్ అయినదానికి సాధారణంగా ఆధారం కట్టక తప్పదు. చప్పిడి ముక్కుకు దించవలసినది ఉండదు, ఎత్తు కలపవలసి ఉంటుంది. అందుకు సెప్టమ్ చాలకపోతే చెవి నుంచి గాని పక్కటెముక నుంచి గాని మృదులాస్థి తీస్తారు. పక్కటెముక ముక్క చెక్కాక వంకరపోయే గుణం కలది కనుక, జాగ్రత్త గల సర్జన్ దాన్ని సెలైన్‌లో కాసేపు ఉంచి, ఎటు వంగుతుందో చూసి, ఆ తరువాతే అమరుస్తాడు. సిలికోన్ అచ్చు త్వరగా అయ్యే పనే అయినా, ఏళ్ల తరువాత కూడా చీము పట్టడం, చర్మం చీల్చుకుని బయటకు రావడం జరగవచ్చు. సొంత కణజాలానికే నా ఓటు.

సంప్రదింపుకు వెళ్లేముందు అద్దం ముందు నిలబడి, చెంపను వేలితో మెల్లగా పక్కకు లాగి గాలి పీల్చండి. లాగినప్పుడు ఊపిరి సులువైతే ఇబ్బంది కవాటం దగ్గర ఉండవచ్చు. ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పండి. ఆయన ముక్కు లోపల చూడకుండా, కంప్యూటర్‌లో బొమ్మ మాత్రమే మార్చి చూపిస్తే అక్కడ ఆగిపోండి. ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గాని, ఈఎన్‌టీలో ఎంఎస్ గాని చేసి, ముక్కు ఆపరేషన్లలో ప్రత్యేకంగా అనుభవం సంపాదించారా, రాష్ట్ర వైద్య మండలిలో నమోదు ఉందా అని చూసుకోండి. మీలాంటి చర్మం, మీలాంటి ముక్కు ఉన్నవారి ఏడాది తరువాతి ఫోటోలు అడగండి. సెప్టమ్ నుంచి మృదులాస్థి తీస్తే పైన, ముందు అంచున ఎంత వదులుతారని కూడా అడగండి. కనీసం ఒక సెంటీమీటరు వెడల్పున ‘ఎల్’ ఆకారపు చట్రం మిగలాలన్నది అందరూ ఒప్పుకున్న నియమం. మన వారిలో చాలామందికి కొన మీద చర్మం మందం. దాని కింద చెక్కిన సన్నని గీతలు పైకి కనిపించవు కనుక, సినిమా తార ఫోటో తీసుకెళ్లి అదే కావాలనడం వల్ల ప్రయోజనం లేదు.

ఎదుగుదల పూర్తి కాకముందు, అంటే సాధారణంగా ఆడపిల్లలకు పదహారు, మగపిల్లలకు పదిహేడు పద్దెనిమిదేళ్ల లోపు, అందం కోసం ఈ పని వద్దు. పెళ్లికి నెల ముందు కూడా వద్దు. పొగతాగేవారు కనీసం నాలుగు వారాల ముందే మానేయాలి. ఆస్పిరిన్ వంటి రక్తం పలుచబరిచే మందుల సంగతి ముందే చెప్పాలి గాని, గుండెకు స్టెంట్ ఉన్నవారు వాటిని సొంతంగా ఆపకూడదు.

ఆపరేషన్ తరువాత వారం పాటు ముక్కు మీద పట్టీ ఉంటుంది, కళ్ల కింద నలుపు సుమారు రెండు వారాల్లో తగ్గుతుంది. తల ఎత్తుగా పెట్టి పడుకోవాలి, ముక్కు చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి, నాలుగు నుంచి ఆరు వారాలు కళ్లద్దాల బరువు ముక్కు మీద పడనివ్వకూడదు. ముక్కుపుడక తీసి ఉంచిన రంధ్రాన్ని మళ్లీ ఎప్పుడు వాడవచ్చో సర్జన్నే అడగాలి. నొప్పి తగ్గవలసినది పెరుగుతూ, రెండు రంధ్రాలూ ఒక్కసారిగా మూసుకుపోతే సెప్టమ్‌లో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. దాన్ని వెంటనే తీయకపోతే మృదులాస్థి కరిగి ముక్కు కుంగుతుంది కనుక, జ్వరం కోసమో తెల్లవారడం కోసమో ఎదురుచూడకుండా ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి. విదేశాల నుంచి రెండు వారాల సెలవుకు వచ్చి ఈ పని చేయించుకునేవారు, తిరిగి వెళ్లాక తమను ఎవరు చూస్తారో ముందే తేల్చుకోవాలి.

వాపు పూర్తిగా దిగడానికి ఏడాది పడుతుంది, మందపాటి చర్మానికి ఇంకా ఎక్కువ. చివరగా తగ్గేది కొన. మూడో నెలలో అద్దం చూసి ఆందోళనతో రెండో ఆపరేషన్‌కు పరుగెత్తవద్దు. ప్రతి నెలా ఒకే వెలుతురులో, ఒకే దూరం నుంచి ముందు, పక్క, కింది వైపుల ఫోటోలు తీసి ఉంచుకుంటే, ఏడాది నిండాక సర్జన్‌తో మాట్లాడేటప్పుడు ఏది వాపో, ఏది నిజంగా సరిచేయవలసిన లోపమో ఇద్దరికీ ఆ ఫోటోల్లోనే తేటగా కనిపిస్తుంది.