కుండీలో అంజూర: ఎంత కుండీ, ఏ దశలో?

బెంగళూరులో మిద్దె మీదనో బాల్కనీలోనో అంజూర పెంచుదామనుకునేవారు సాధారణంగా రకం గురించి ముందు అడుగుతారు. పూనా, బ్రౌన్ టర్కీ, డయానా వంటి రకాలన్నీ పరాగసంపర్కం అవసరం లేకుండానే కాస్తాయి కాబట్టి, వాటిలో ఏది తెచ్చుకున్నా ఒక్క మొక్కతో పని జరుగుతుంది. రకం కంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది కుండీ పరిమాణం మీద. మొక్క చిన్నది గదా అని చివరిదాకా చిన్న కుండీలోనే ఉంచేవారికి కాయ పిందె దశలోనే రాలిపోతుంది. ఎలాగూ పెద్దదవుతుంది గదా అని జానెడు మొక్కను తెచ్చి నేరుగా డ్రమ్ములో పెట్టేవారికి మొక్కే దక్కకపోవచ్చు. ఈ రెండింటిలో రెండోదే పెద్ద ప్రమాదమని నా అభిప్రాయం.

కారణం నీటిలో ఉంది. వేళ్లు అల్లుకున్న మట్టిలోని తడిని మొక్క పీల్చుకుంటుంది, దాంతో ఆ మట్టి ఆరుతుంది, గాలి లోపలికి వెళుతుంది. వేళ్లు చేరని మట్టి మాత్రం పోసిన నీటిని అలాగే పట్టుకుని ఉంటుంది. జూన్ నుంచి అక్టోబరు దాకా వానలు పడుతూ, అందులోనూ సెప్టెంబరు, అక్టోబరుల్లో జోరుగా కురుస్తూ, ఎండ సరిగా కాయని ఈ ఊరిలో అటువంటి మట్టి వారాల తరబడి ఆరదు. వేళ్లు కుళ్లడం మొదలై ఆకులు పసుపుబారితే, ఎరువు చాలలేదేమోనని చాలామంది మరో గుప్పెడు వేస్తారు, దాంతో ఉన్న కాసిని వేళ్లు కూడా దెబ్బతింటాయి. అందుకే అంజూరకు కుండీని దశలవారీగా పెంచాలి. ప్రతిసారీ వేరుముద్ద చుట్టూ రెండు మూడు అంగుళాల కొత్త మట్టి పట్టేంత పెద్దదైతే సరిపోతుంది.

కుండీ కొనేటప్పుడు అంగుళాల లెక్కను గుడ్డిగా నమ్మకూడదు. దుకాణంలో పన్నెండు అంగుళాల కుండీ అన్నప్పుడు ఆ కొలత పైఅంచు వెడల్పుదే, అదీ తరచుగా బయటి అంచు నుంచి కొలిచినది. అడుగు అంతకంటే బాగా సన్నగా ఉంటుంది. మొక్కకు కావలసింది మట్టి పట్టే చోటు కాబట్టి లీటర్లలో ఆలోచించడం మేలు. పైవెడల్పు, అడుగు వెడల్పు సెంటీమీటర్లలో కొలిచి సగటు తీసి, ఆ సగటును దానితోనే గుణించి, ఎత్తుతో గుణించి, 0.785తో గుణించి, వెయ్యితో భాగిస్తే దాదాపు లీటర్లు వస్తాయి. పైన 40, కింద 30, ఎత్తు 36 సెంటీమీటర్లున్న కుండీలో ఈ లెక్కన సుమారు 35 లీటర్లు పడుతుంది. లెక్క వద్దనుకుంటే, ఇంట్లో ఉండే 20 లీటర్ల తాగునీటి క్యాను ఖాళీ అయినప్పుడు దానితో మట్టి మిశ్రమాన్ని కొలిచి నింపినా తెలుస్తుంది. పైన రెండంగుళాలు నీటి కోసం వదలాలి కాబట్టి వచ్చిన అంకెలో కొంత తగ్గించుకోవాలి.

నర్సరీ నుంచి నల్ల కవరులో వచ్చిన మొక్కను, అది కొమ్మతో నాటినదైనా గాలి అంటుదైనా (చెట్టు మీద ఉండగానే కొమ్మకు వేళ్లు పుట్టించి కోసినది), మొదట పది నుంచి పన్నెండు లీటర్ల కుండీలో పెట్టాలి. వేళ్లు దాన్ని నింపాక 30 నుంచి 35 లీటర్లదానికి, అంటే పద్నాలుగు పదిహేను అంగుళాల కుండీకి మార్చాలి. అక్కడి నుంచి 60 లేదా 70 లీటర్లకు, అంటే పద్దెనిమిది అంగుళాల వెడల్పూ అంతే ఎత్తూ ఉన్న గ్రో బ్యాగుకో (మట్టి నింపి మొక్క పెంచే సంచి) తొట్టికో చేర్చవచ్చు. మార్చే సమయం వచ్చిందో లేదో తెలుసుకోవడానికి సంవత్సరాల లెక్క కంటే మొక్క చూపించే గుర్తులే నమ్మదగినవి. పొద్దున నిండుగా నీరు పోసినా సాయంత్రానికి ఆకులు వాలిపోతున్నా, పోసిన నీరు మట్టిలో ఇంకకుండా అంచుల వెంట జారి వెంటనే కింద కారిపోతున్నా అనుమానించాలి. అప్పుడు మొదలు దగ్గర పట్టుకుని, కుండీని పక్కకు వాల్చి, అంచును చేత్తో తట్టి వేరుముద్దను కాస్త బయటికి లాగి చూడాలి. తెల్లని వేళ్లు గోడ వెంట చుట్టలు చుట్టుకుని, మట్టి కంటే వేళ్లే ఎక్కువగా కనిపిస్తే మార్చవచ్చు. లాగగానే మట్టి పొడిపొడిగా రాలిపోతే ఇంకొన్నాళ్లు అక్కడే ఉంచాలి.

ఆకారం విషయంలో ఒక్కటే షరతు. నడుము లావుగా, మూతి సన్నగా ఉండే పింగాణీ కుండీలు ఎంత అందంగా ఉన్నా అంజూరకు పనికిరావు, ఎందుకంటే వేళ్లు నిండాక మొక్కను బయటికి తీయాలంటే కుండీనైనా పగలగొట్టాలి, వేళ్లనైనా నరకాలి. వెడల్పెక్కువ ఉండి లోతు లేని తొట్లు కూడా అంతే; కుండీ ఎంత ఎత్తున్నా అడుగున కొన్ని అంగుళాల మేర మట్టి నానుతూనే ఉంటుంది కాబట్టి, లోతు తక్కువైతే వేళ్లకు మిగిలే ఆరిన భాగం కొంచెమే. అడుగున గులకరాళ్లు పరిస్తే నీరు బాగా పోతుందనే నమ్మకం చాలామందికి ఉంది. నిజానికి ఆ నానిన పొర రాళ్ల పైకి జరుగుతుందే తప్ప పోదు, మట్టి పట్టే చోటు మాత్రం తగ్గుతుంది. రంధ్రాల మీద ఒక జాలీ ముక్క వేస్తే చాలు.

పద్దెనిమిది అంగుళాల తరువాత ఇంకా పెద్దది కావాలా అనే ప్రశ్న మిద్దెతోటవారికి తప్పక వస్తుంది. నా సలహా అక్కడ ఆగమనే. ఇరవైనాలుగు అంగుళాల వెడల్పూ ఎత్తూ ఉన్న గ్రో బ్యాగులో 175 లీటర్ల దాకా పడుతుంది, తడిసిన మట్టితో అది రెండు వందల కిలోలకు తక్కువ తూగదు. మనుషులు తిరిగే చదును కప్పు మోయవలసిన అదనపు భారాన్ని భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 875 రెండో భాగం చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్లుగా, అంటే సుమారు నూటయాభై కిలోలుగా తీసుకుంటుంది. పద్దెనిమిది అంగుళాల కుండీ తడిసినప్పుడు ఎనభై కిలోల దాకా ఉంటుంది కాబట్టి, మీటరుకు ఒకటి చొప్పున, అదీ కప్పు నడుమ కాకుండా పిట్టగోడ పక్కన దూలాల మీదుగా పెడితే ఇబ్బంది ఉండదు. రెండు వందల లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్మును అడ్డంగా కోస్తే వచ్చే రెండు తొట్లు కూడా మంచివే, అయితే ఒక్కొక్కటీ వంద లీటర్లదని, దానికి తగ్గ బరువు ఉంటుందని గుర్తుంచుకోవాలి. రసాయనాలు నిల్వచేసిన డ్రమ్ము ఎంత చవకగా వచ్చినా వద్దు.

పెద్ద కుండీకి మారే బదులు వేరుముద్దను కత్తిరించడమే ఆ తరువాతి మార్గం. రెండు మూడేళ్లకొకసారి, డిసెంబరు చివర లేదా జనవరిలో, చెట్టు ఆకు రాల్చి మందగించినప్పుడు ఈ పని పెట్టుకోవాలి. ముద్దను బయటికి తీసి, చుట్టూ, అడుగునా రెండేసి అంగుళాల మందాన చిన్న రంపంతో కోసి, మిగిలిన వేళ్లను చేత్తో కాస్త విడదీసి, ఎర్రమట్టి, పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు, కొంచెం వేపపిండి కలిపిన కొత్త మిశ్రమంతో అదే కుండీలో తిరిగి నాటాలి. కొమ్మలను కూడా మూడో వంతు తగ్గించాలి. కాయ కొత్త చిగుళ్ల మీద వస్తుంది కాబట్టి దిగులుపడనక్కరలేదు. కోసినచోట కారే పాలు ఒంటికి తగిలి దానిమీద ఎండ పడితే బొబ్బలెక్కే ప్రమాదం ఉంది గనుక చేతికి తొడుగులు, పొడుగు చేతుల చొక్కా ఉండాలి. నాటాక పది పదిహేను రోజులు నీడలో ఉంచితే చాలు.

చివరి కుండీ మరీ చిన్నదైతే వచ్చే కష్టం మార్చి, ఏప్రిల్‌లలో బయటపడుతుంది. ముప్ఫై లీటర్ల మట్టిలో ఆరడుగుల చెట్టు ఉంటే ఆ ఎండలో రోజుకు రెండుసార్లు నీరు పోయవలసి వస్తుంది, ఒక్కపూట తప్పినా పిందెలు రాలుతాయి. 2024 మార్చిలో కొరత తీవ్రమైనప్పుడు తాగునీటిని తోటలకు వాడితే ఐదు వేల రూపాయల జరిమానా అని బెంగళూరు జలమండలి ప్రకటించింది. అలాంటి వేసవిలో కూరగాయలు కడిగిన నీటితో నెట్టుకురావాలంటే అరవై లీటర్లకు తక్కువ కుండీ వద్దు. నల్ల ప్లాస్టిక్ తొట్టి అయితే పడమటి ఎండ తగిలే వైపు తెల్ల సున్నం పూయాలి, లేదా ఆ పక్కన మరో చిన్న కుండీని అడ్డుపెట్టాలి. లేకపోతే ఆ వైపు వేళ్లు వేడికి మాడిపోయి, అంత పెద్ద కుండీ కొన్నా సగమే ఉపయోగపడుతుంది.