టోపీ కళ్లమీదికి ఎందుకు జారింది? ఊలు అల్లికలో సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

విజయనగరంలో ఉంటూ ఊలు అల్లుతానని చెబితే, ఈ ఉక్కపోతలో ఊలు ఎవరికమ్మా అని అడగనివారు అరుదు. మైదానంలో స్వెట్టరు వేసుకోవలసిన రోజులు ఏడాదికి నెలన్నరకు మించవన్నది నిజమే. అయితే సాలూరు దాటినా, పార్వతీపురం, సీతంపేట కొండలవైపు వెళ్లినా మార్గశిర, పుష్య మాసాల్లో తెల్లవారుజామున చలి ఎముకలు కొరుకుతుంది. అప్పుడే పుట్టిన బిడ్డకు ఏ కాలమైనా తల కప్పి ఉంచమనే ఆసుపత్రివారు చెబుతారు. నేను అల్లేవాటిలో ఎక్కువభాగం ఈ రెండుచోట్లకే పోతుంది. అల్లేది మాత్రం దాదాపు అంతా రైల్లోనే, విజయనగరం నుంచి ఉద్యోగానికి ఆమదాలవలస వెళ్లి వచ్చే దారిలో.

ఇన్నేళ్లలో విప్పి మళ్లీ అల్లిన ముక్కలను తలచుకుంటే, తప్పు సూదిమీద కనిపించినా అది పుట్టింది అక్కడ కాదు. పది వరుసల కిందనో, ఊలు కొన్న కొట్టు దగ్గరో, అసలు కొలత అడగకుండా మొదలుపెట్టిన రోజునో పుట్టి ఉంటుంది. అందుచేత ఇక్కడ మరమ్మతు చెప్పేముందు కారణం చెబుతున్నాను.

టోపీ కళ్లమీదికి జారుతోంది, లేదా తలకు ఎక్కడం లేదు

ఒక ఆసుపత్రిలో నవజాత శిశువుల వార్డుకు నేను మొదటిసారి పన్నెండు టోపీలు ఇచ్చినప్పుడు, వారం తిరగకముందే ఏడు వెనక్కి వచ్చాయి. అక్కడి నర్సమ్మ మాటలతో పని లేకుండా ఒక టోపీని తన పిడికిలికి తొడిగి, చెయ్యి కిందికి వాల్చి చూపించారు. టోపీ వేళ్లమీదుగా జారి నేలమీద పడింది.

నెలలు నిండి పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత సాధారణంగా 34, 35 సెంటీమీటర్లు ఉంటుంది. అల్లిన టోపీ సాగుతుంది కనుక, అది తలకన్నా రెండు సెంటీమీటర్లు తక్కువగా ఉంటేనే పట్టి కూర్చుంటుంది. పది సెంటీమీటర్ల వెడల్పుకు 22 కుట్లు పట్టే అల్లికలో 72 కుట్లు వేసుకుంటే చుట్టుకొలత 32.7 సెంటీమీటర్లు వస్తుంది, లెక్క సరిపోతుంది. నేను ఇంట్లో నమూనా ముక్క అల్లి కొలిచినప్పుడు 22 కుట్లే వచ్చాయి. ఆ ధీమాతో రైల్లో కూర్చుని, పక్కవారి మాటల్లో పడి అల్లినప్పుడు నా చెయ్యి వదులై, అదే వెడల్పుకు 19 కుట్లు మాత్రమే పట్టాయి. కుట్ల సంఖ్య మారలేదు, టోపీ మాత్రం 38 సెంటీమీటర్లకు చేరింది. వెనక్కి రాని అయిదు టోపీలు ఇంట్లో అల్లినవని తరువాత గుర్తుకొచ్చింది.

కాబట్టి నమూనా ముక్కను, అసలు వస్తువు ఎక్కడ అల్లుతామో అక్కడే అల్లాలి. కనీసం 30 కుట్లు వేసి, చేతి బెత్తెడు పొడవు అల్లి, ఒకసారి తడిపి ఆరబెట్టి, అంచులు వదిలేసి నడుమ పది సెంటీమీటర్లలో కుట్లు లెక్కపెట్టాలి. కావలసినదానికన్నా తక్కువ కుట్లు వస్తే ఒక నంబరు సన్నని సూదికి, ఎక్కువ వస్తే ఒక నంబరు లావుపాటి సూదికి మారాలి. గట్టిగా లాగి అల్లాలని చేతికి చెప్పుకోవడం వల్ల ప్రయోజనం లేదు. నాలుగు వరుసలు వింటుంది, అయిదో వరుసలో మరిచిపోతుంది.

టోపీ బిగుసుకుపోతే కారణం తరచుగా సూది నంబరులో ఉంటుంది. మన కొట్లలో అమ్మే సూదులకు నంబరు పెరిగేకొద్దీ మందం తగ్గుతుంది: 8వ నంబరు 4 మిల్లీమీటర్లు, 10వ నంబరు 3.25, 12వ నంబరు 2.75. అమెరికా పద్ధతిలో ఇది తలకిందులు. అక్కడ 8 అంటే 5 మిల్లీమీటర్లు. ఫోనులో చూసిన నమూనాలో 8 అని ఉంటే, అది ఏ దేశపు ఎనిమిదో తేల్చుకున్న తరువాతే కుట్లు వేసుకోవాలి. నా సూదుల సంచిలో ప్రతి జతకూ ఒక చిన్న కాగితం చుట్టి, మిల్లీమీటర్లు మాత్రమే రాసి ఉంచాను.

తక్కువ బరువుతో పుట్టిన పిల్లలకు 72 కుట్ల టోపీ కూడా పెద్దదే. వారికోసం 60 కుట్లతో, సుమారు 27 సెంటీమీటర్లు వచ్చేలా కొన్ని అల్లి విడిగా కట్ట కట్టి ఇస్తే, వార్డులో వెదుక్కునే పని తప్పుతుంది.

కుట్లు వాటంతట అవే పెరుగుతున్నాయి

కొత్తగా నేర్చుకునేవారు నలభై కుట్లతో మొదలుపెట్టి, జానెడు అల్లేసరికి నలభై ఆరు చూసి కంగారుపడతారు. అంచు దగ్గర పెరుగుతుంటే కారణం చాలాసార్లు ఇదే. వరుస తిప్పినప్పుడు దారం సూది మీదుగా వెనక్కి పడితే, మొదటి కుట్టు పైకి లేచి దాని రెండు కాళ్లూ రెండు కుట్లలా కనిపిస్తాయి. వాటిని రెండుగానే అల్లేస్తారు. వరుస మొదలుపెట్టేముందు దారాన్ని కిందికి లాగి చూస్తే అక్కడ ఉన్నది ఒక్క కుట్టే అని తెలుస్తుంది.

నడుమ పెరుగుతూ, పెరిగినచోట చిన్న రంధ్రం కూడా పడుతుంటే, నిట్ (ఎదురుగా నున్నగా కనిపించే కుట్టు) నుంచి పర్ల్‌కు (ఎదురుగా బుడిపెలా కనిపించే కుట్టు), పర్ల్ నుంచి నిట్‌కు మారేటప్పుడు దారం సూదుల సందులోంచి కాక సూది మీదుగా దాటిందన్నమాట. మరుసటి వరుసలోనే గుర్తిస్తే, ఆ అదనపు ముడతను సూది నుంచి వదిలేస్తే చాలు. మిగిలిన దారాన్ని పక్క కుట్లు సర్దుకుంటాయి.

కుట్టు జారి నిచ్చెన పడింది

ఒకసారి శృంగవరపుకోటలో కిరండూల్ పాసింజరు ఎక్కి అరకు వెళుతూ, నల్ల ఊలుతో చిన్నపిల్లాడి స్వెట్టరు అల్లుతున్నాను. ఆ దారిలో బండి సొరంగం వెంట సొరంగం దూరుతూ, సుమారు 996 మీటర్ల ఎత్తున్న శిమిలిగూడ వరకు ఎక్కుతూనే ఉంటుంది. ఏ సొరంగంలో జారిందో తెలియదు కానీ, అరకు చేరి చూసుకుంటే ఒక కుట్టు ఇరవై వరుసల కిందికి దిగిపోయి, దాని పైన అడ్డ దారాలు నిచ్చెన మెట్లలా నిలిచి ఉన్నాయి.

మరునాడు తిరుగు ప్రయాణంలో ఆ ఇరవై వరుసలూ విప్పడానికి కూర్చున్నాను. ఎదుట, ఖాళీ చేపల గంప కాళ్లసందున పెట్టుకుని కూర్చున్న ఒక పెద్దావిడ కాసేపు చూసి, "ఏటమ్మా, ఒక కన్ను తెగితే వలంతా ఇప్పేత్తామేటి?" అన్నారు. ఆవిడ ఊలు సూది ఎన్నడూ పట్టినవారు కాకపోవచ్చు, వల మరమ్మతు మాత్రం పుట్టినప్పటి నుంచీ చూసినవారు. విప్పడం అక్కడితో ఆపేశాను.

చేయవలసిన పని ఇది. నిట్ వైపు మనకు ఎదురుగా ఉండేలా ముక్కను ఒడిలో పరుచుకోవాలి. జారిన కుట్టులోకి కొన కొక్కెంలా వంగిన క్రోషా సూదిని ముందు నుంచి వెనక్కి దూర్చి, దాని వెనకనే ఉన్న అన్నింటికన్నా కింది మెట్టును కొక్కేనికి తగిలించి, కుట్టులోంచి ముందుకు లాగాలి. లాగిన దారమే ఇప్పుడు కొత్త కుట్టు. మళ్లీ దాని పై మెట్టు, ఆపై మెట్టు. ఒక మెట్టు తప్పితే వెనకవైపు ఒక దారం వేలాడుతుంది. అప్పుడు అక్కడిదాకా దింపుకుని తిరిగి ఎక్కాలి. చివరికి కుట్టును సూదికి ఎక్కించేటప్పుడు దాని కుడి కాలు సూదికి ముందువైపున ఉండాలి, లేకపోతే ఆ కుట్టు మెలిపడి కనిపిస్తుంది. ఎక్కించిన వరుస మొదట బిగుతుగానో వదులుగానో ఉంటుంది. రెండు ఉతుకుల్లో సర్దుకుంటుంది.

సొరంగాల దారిలో నల్ల ఊలు అల్లకూడదన్నది నాకు నేను పెట్టుకున్న నియమం. తెల్లటి వెదురు సూదుల మీద లేతరంగు ఊలు కూడా కనిపించదు. సూది, ఊలు ఒకదానికొకటి విరుద్ధమైన రంగుల్లో ఉంటేనే కన్ను తేలికగా లెక్కపెడుతుంది.

ఒక పక్క పొడవుగా, మరో పక్క పొట్టిగా వస్తోంది

ఇది పూర్తిగా ప్రయాణాల జబ్బు. స్టేషను రాగానే వరుస నడుమ ఆపి, సూదులు రెండూ సంచిలో కుక్కి దిగిపోతాము. సాయంత్రం తీసినప్పుడు ఏ సూది ఏ చేతిలో ఉండేదో గుర్తుండక, వచ్చిన దారినే వెనక్కి అల్లుకుపోతాము. ఆ పక్కన రెండు వరుసలు అదనంగా చేరి, తిరిగినచోట ఒక రంధ్రం మిగులుతుంది.

గుర్తు చాలా సులభం. కుడిచేతి వాటంవారికి ఉండ నుంచి వచ్చే దారం ఎప్పుడూ కుడి సూది మీది చివరి కుట్టుకే తగిలి ఉంటుంది. కాబట్టి సంచిలోంచి తీయగానే, దారం తగిలి ఉన్న సూదిని కుడిచేతికి తీసుకుంటే దారి తప్పదు. వీలైతే ఆమదాలవలసకు ముందు వచ్చే పొందూరు దాటగానే చేతిలో ఉన్న వరుస పూర్తిచేసి, ఆ తరువాతి స్టేషను దూసిలో కొత్త వరుస మొదలుపెట్టకుండా కూర్చోవడం ఇంకా మంచిది. వరుసల లెక్కను మనసులో పెట్టుకోవద్దు; టిక్కెట్టు అడిగేవారు వచ్చారంటే అది పోయినట్టే. ప్రతి పదో వరుసలో వేరే రంగు దారపు ముక్కను ఒక కుట్టుకు కడితే ఎప్పుడైనా లెక్కపెట్టుకోవచ్చు.

దారం చీలిపోతోంది, సూదికి అంటుకుంటోంది

పొందూరు పేరు వచ్చింది కనుక ఒక మాట. ఆ ఊళ్లో ఖద్దరుకోసం పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, పోగులన్నీ ఒకే దిక్కుకు తిరిగిన తరువాతే వడుకుతారు. దారం బలం పోగుల్లో ఎంత ఉంటుందో, వాటి అమరికలోనూ మెలికలోనూ అంతే ఉంటుందని అర్థం కావడానికి అంతకు మించిన పాఠం లేదు. చవకగా దొరికే ఊలులో మెలిక వదులుగా ఉంటుంది. మొన తేలిన సూది దాని పోగుల నడుమ దూరి చీలుస్తుంది. కొనేటప్పుడే ఒక కొసను రెండు వేళ్ల నడుమ మెలికకు ఎదురుగా తిప్పి చూడాలి, వెంటనే విడిపోతే ఆ ఊలు వద్దు. ఇంటికి వచ్చేసిన ఊలుకు మొన మొద్దుగా ఉన్న సూది వాడడమే దారి.

అంటుకోవడానికి కారణం మన చెమట. యాక్రిలిక్ దారం, అల్యూమినియం సూది, ఉక్కపోత మూడూ కలిస్తే కుట్లు కదలవు, తెల్ల ఊలు మీద బూడిదరంగు మరక కూడా పడవచ్చు. మే నెలలో వెదురు సూదులు వాడి, చేతులు సబ్బుతో కడిగి పొడిగా తుడుచుకుని కూర్చుంటే సరిపోతుంది.

అంచులు చుట్టుకుపోతున్నాయి

ఒకవైపు అంతా నిట్, రెండోవైపు అంతా పర్ల్ వచ్చే అల్లిక స్వభావమే అది. అల్లినవారి తప్పు కాదు. కింది అంచున నాలుగైదు సెంటీమీటర్లు ఒక నిట్, ఒక పర్ల్ చొప్పున పట్టీ అల్లాలి. మెడగుడ్డలైతే రెండు పక్కలా అయిదేసి కుట్లు ప్రతి వరుసలోనూ నిట్‌గానే అల్లాలి. ఇస్త్రీతో అణచాలని మాత్రం చూడవద్దు. యాక్రిలిక్ వేడికి చచ్చి చదునవుతుంది, తిరిగి లేవదు.

సగం స్వెట్టరు ఒక రంగు, సగం మరో రంగు

ఉండల మీది కాగితంపై రంగు నంబరుతోపాటు అద్దకపు విడత నంబరు కూడా ఉంటుంది. రంగు ఒకటే అయినా విడత మారితే ఛాయ మారుతుంది. మన ఊళ్లలో ఊలు అమ్మే కొట్లు తక్కువ, చలికాలం దాటితే సరుకు తెప్పించరు కనుక, కావలసినదానికన్నా ఒక ఉండ ఎక్కువగా ఒకేసారి కొనాలి. అప్పటికే చిక్కుకుంటే, పాత ఉండతో రెండు వరుసలు, కొత్త ఉండతో రెండు వరుసలు మార్చి మార్చి కొంతమేర అల్లితే తేడా కలిసిపోతుంది.

ఇచ్చిన స్వెట్టర్లు ఎవరూ వేసుకోవడం లేదు

దీన్ని అల్లిక సమస్య కాదనేవారు ఉంటారు, నాకు మాత్రం ఇదే అన్నింటికన్నా పెద్దది. ఏజెన్సీలోని ఒక బాలికల వసతిగృహానికి ఒక సంక్రాంతికి తొమ్మిది స్వెట్టర్లు పట్టుకెళ్లాను. పిల్లలు సెలవులకు ఇళ్లకు పోయారు. మరుసటి ఏడు వెళ్లి అడిగితే, అవి పెట్టెలో మడత విప్పకుండానే ఉన్నాయి.

కారణాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. సంక్రాంతికి ఇవ్వడమంటే అసలు చలి చాలావరకు దాటాక ఇవ్వడం. నేను అల్లినది లేత గులాబీ, తెలుపు రంగుల్లో. తన బట్టలు తానే పంపు దగ్గర ఉతుక్కునే పిల్లకు అవి పనికిరావు. రెండు స్వెట్టర్లు నిజమైన ఉన్నితో అల్లాను, మెడ దగ్గర గరగరలాడతాయని ఒక అమ్మాయి మొహమాటపడుతూ చెప్పింది. పైగా ఉన్నిని వేడినీళ్లలో నలిపితే కుంచించుకుపోయి గట్టి కంబళి ముక్కలా తయారవుతుంది. అన్నింటికీ మూలం, వారిని అడగకుండా నాకు నచ్చినది అల్లడమే.

ఇప్పుడు దసరా సెలవులకు ముందే వార్డెనమ్మను అడిగి పిల్లల ఛాతీ కొలతలు రాయించుకుంటాను. కొలతకు అయిదారు సెంటీమీటర్లు కలిపి, ముదురు నీలం, మెరూన్ రంగుల్లో, మెత్తని యాక్రిలిక్‌తో, యూనిఫాం మీద వేసుకునేలా చేతులు లేని స్వెట్టర్లు అల్లుతాను. చేతులు లేకపోతే ఊలూ తగ్గుతుంది, పనీ తగ్గుతుంది, ఏడాదిలో పిల్ల ఎదిగినా మరో చలికాలం పనికివస్తుంది. కొట్టులో యాక్రిలిక్ అని చెప్పినదాన్ని ఇంట్లో పరీక్షిస్తాను: చిన్న ముక్కను పట్టకారుతో పట్టి కాలిస్తే, ఉన్ని వెంట్రుక కాలిన వాసన వేసి నలిపితే పొడి అవుతుంది, యాక్రిలిక్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది.

పసిపిల్లల టోపీలకు బొత్తాలు, పూసలు, కట్టుకునే తాళ్లు పెట్టను. అవి ఊడి నోట్లోకి పోవచ్చు, మెడకు చుట్టుకోవచ్చు. పసివేళ్లు ఇరుక్కునే రంధ్రాల అల్లిక కూడా వారికి వద్దు. ఇంటికి తీసుకెళ్లిన తరువాత ఉక్కగా ఉన్న గదిలో నిద్రపోయే బిడ్డకు టోపీ తీసేయమని, టోపీతోపాటు ఒక చీటీ మీద రాసి ఇస్తాను.

పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం దసరా తరువాతి మంగళవారం జరుగుతుంది. ఆ మరునాడు బుధవారం ఉదయం బండిలో మొదటి స్వెట్టరుకు కుట్లు వేసుకుంటే, మార్గశిరం మొదలయ్యేసరికి ఆరు పూర్తవుతాయి. ఈ ఏడు కొలతల కాగితంలో పదకొండు పేర్లున్నాయి. మిగిలిన అయిదింటికి ఊలు మా చెల్లెలి ఇంటికి పంపించాను, మిల్లీమీటర్లు రాసిన సూదుల జతతో సహా.