ఒడియా బడికి వెళ్ళే పిల్లలకు తెలుగు బైబిల్ ఎలా నేర్పాలి

ఒడిశాలో రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి వైపు మన ఇళ్ళల్లో పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు, బడిలో ఒడియా చదువుతారు, చేతిలో తెలుగు బైబిల్ పెడితే మాత్రం తల దించేసుకుంటారు. నేనూ సండే స్కూల్లో చాలాకాలం వాక్యాలు బట్టీ పట్టించినవాడినే. ఒకసారి కంఠత పోటీలో ఫస్ట్ వచ్చిన పాపని, ఆ వాక్యం పుస్తకంలో చూపించమ్మా అంటే చూపించలేకపోయింది. తప్పు పాపది కాదు, నాది.

అందుకే ముందు అక్షరాలు. ఒడియా వచ్చిన పిల్లలకు అ, ఆల వరస, గుణింతం పద్ధతి తెలుసు, కొత్తగా నేర్వాల్సింది ఎక్కువగా అక్షరాల రూపాలే. చిక్కల్లా ఎ, ఏ దగ్గర, ఒ, ఓ దగ్గర. ఒడియాలో ఈ పొట్టి పొడుగుల తేడా లేదు కాబట్టి ‘దేవుడు’ని ‘దెవుడు’ అని రాస్తారు. కోప్పడకండి. పెరుగు, పేరు, కొడుకు, కోడి, ఇలాంటి ఇంటి మాటలు పైకి పలికిస్తూ రాయించండి.

తర్వాత మార్కు సువార్త. యేసు జీవితం చెప్పే నాలుగు సువార్తల్లో చిన్నది, 16 అధ్యాయాలే, కథ ఎక్కడా ఆగదు. రోజుకు ఐదారు వచనాలు చాలు. ‘వెళ్ళుచుండగా’, ‘చెప్పెను’ లాంటివి వచ్చినప్పుడు ఇదే మన ఇంట్లో ఎలా అంటాం అని అడగండి, సొంత మాటల్లో చెప్పారంటే అర్థమైనట్టే. అప్పటికీ అందకపోతే ఒడియా బైబిల్ పక్కన పెట్టుకోండి, అదేం చిన్నతనం కాదు. ఒడియా, తెలుగు కొత్త నిబంధనలు రెండూ ఒకప్పుడు బెంగాల్‌లోని సేరంపూర్ మిషన్ ప్రెస్‌లోనే అచ్చయ్యాయి, తెలుగుది 1818లో.

హైస్కూల్ పిల్లలకైతే దానియేలు 1వ అధ్యాయం తప్పక చదివించండి, ఎందుకంటే అది అచ్చంగా వీళ్ళ కథే. చెరపట్టి బబులోను రాజు దగ్గరకు తీసుకెళ్ళిన దానియేలుకు, అతని ముగ్గురు స్నేహితులకు పరాయి ఊళ్ళో, పరాయి భాషలో, పరాయి లిపిలో మూడేళ్ళ చదువు, చివరికి పేర్లు కూడా మార్చేశారు. ఆ నలుగురు కుర్రాళ్ళు చదువు వద్దనలేదు, రాజు భోజనం వద్దన్నారు, పది రోజులు కూరగాయలు, నీళ్ళు ఇచ్చి చూడమన్నారు. వాళ్ళు దేనికి ఒప్పుకున్నారు, దేనికి ఒప్పుకోలేదు అని అడిగి, మీరు కాసేపు మాట్లాడకుండా ఉండండి. ప్రార్థన చేస్తే చాలు, మార్కులు దేవుడే ఇస్తాడు అని పిల్లలకు చెప్పే పెద్దలతో నేను ఏకీభవించలేను, దానియేలు చదివాడు కదా!

ఎదురు ప్రశ్నలు వేస్తే నోరు మూయించకండి. లూకా 2లో పన్నెండేళ్ళ యేసు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని వింటూ, ప్రశ్నలు అడుగుతున్నాడు. మీకు జవాబు తెలియకపోతే తెలియదనే చెప్పి, పాస్టర్ గారిని అడిగి వచ్చే వారం చెప్పండి.

ఇంకో మాట. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మతబోధ ఉండకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతుంది, కాబట్టి ఆ పని ఇంటిది, చర్చిది. వేసవిలో వీబీఎస్‌కు (వెకేషన్ బైబిల్ స్కూల్, అంటే సెలవుల్లో చర్చి నడిపే పిల్లల తరగతులకు) పక్కింటి వేరే మతం పిల్లలు ఆటపాటల కోసం వస్తామంటే, ముందు వాళ్ళ అమ్మానాన్నల దగ్గరకు వెళ్ళి, లోపల ఏం చెప్తామో దాచకుండా చెప్పి అడగండి.

మార్కు మొదటి అధ్యాయం అయ్యాక ఆదివారం ఆరాధనలో ఆ పిల్లవాడితోనే వాక్యం చదివించండి. వారం ముందే భాగం ఇచ్చి, కష్టమైన ఒత్తుల కింద పెన్సిల్‌తో గీత గీయండి, టెన్షన్ చాలావరకు తగ్గుతుంది.