పాత కత్తి తోలు పిడికి నూనె పట్టించకండి

అమెరికా పాత వేట కత్తుల్లో చాలావాటికి, రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికా సైనికుల కా-బార్ కత్తికి పిడి ఒకటే తోలు ముక్క కాదు. తోలు బిళ్లలను ఒకదానిపై ఒకటి పేర్చి, చివర లోహపు టోపీతో బిగించింది. ఏళ్లు గడిచేకొద్దీ తోలు ఎండి కుంచించుకుపోతుంది, బిళ్లల మధ్య సందులు పడతాయి.

అది చూడగానే అందరూ నూనెలో నానబెట్టేస్తారు. అదే తప్పు. తోలు మెత్తబడి, పిడి ఇంకా వదులవుతుంది. (కొబ్బరినూనె అయితే కొన్నాళ్లకి కంపు కూడా.)

ముందు కత్తి పదునంచుకి మందపాటి టేప్ చుట్టండి, చెయ్యి తెగితే ఏ చిట్కా పనికిరాదు. బాగా పిండిన తడిగుడ్డతో మురికి తుడిచి, ఒక రోజు నీడలో ఆరనివ్వండి. ఎండలో వద్దు. తర్వాత 220, ఆపైన 400 నంబరు ఉప్పుకాగితంతో తేలిగ్గా రుద్దండి. చివర్లో తేనెమైనం పూసి, హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వెచ్చచేస్తే మైనం లోపలికి దిగుతుంది. చల్లారాక నూలుగుడ్డతో మెరిసేదాకా తుడవాలి.

బిళ్లలు చేతిలో గిరగిరా తిరుగుతుంటే మాత్రం మైనంతో పని జరగదు. టోపీ విప్పి కొత్త బిళ్లలు చేర్చాల్సిందే.

దాచేటప్పుడు తోలు ఒరలో పెట్టకండి, చెమ్మ పట్టి తుప్పొస్తుంది.