గళ్ల పుస్తకంలో పాట పటం

ఎలక్ట్రానిక్ పాట ఎక్కడ మలుపు తిరిగిందో తెలుసుకోవాలంటే ప్రతిసారీ కంప్యూటర్ తెరవాలి. విజయవాడ నుంచి గుంటూరు కాలేజీకి రోజూ బస్సులో తిరిగే విద్యార్థికి అది కుదరదు. లెక్కల గళ్ల నోటుపుస్తకం, పెన్సిలు, ఫోను ఉంటే చాలు.

కిక్ డ్రమ్ (పాటలో తాళంలా పడే లోతైన డ్రమ్ము మోత) మొదటి దెబ్బను సున్నాగా పట్టి, 30 సెకన్లపాటు దెబ్బలు లెక్కపెట్టండి. దాన్ని రెట్టింపు చేస్తే నిమిషానికి బీట్ల సంఖ్య వస్తుంది. 240ని ఆ సంఖ్యతో భాగిస్తే నాలుగు బీట్ల బార్‌కు ఎన్ని సెకన్లో తెలుస్తుంది. వేగం 120 అయితే 8 బార్లు 16 సెకన్లు, 128 అయితే సరిగ్గా 15. ఒక్కో గడిని 8 బార్లుగా తీసుకోండి. కిక్, బేస్ (అడుగున నడిచే లోతైన స్వరం), హైహ్యాట్ (చిన్న తాళాల చప్పుడు), సింథ్ (ఎలక్ట్రానిక్ స్వర వాద్యం), గొంతు ఒక్కోదానికి ఒక్కో వరుస కేటాయించి, అది వినిపించినంతసేపూ గళ్లు నింపండి. ఒక విడతకు ఒక్క వాద్యాన్నే వినాలి, అన్నీ ఒకేసారి పట్టుకోబోతే చెవి తడబడుతుంది. బేస్‌ను మాత్రం ఇంటికి వెళ్లాక వినండి, బస్సు ఇంజను మోత దాన్ని మింగేస్తుంది.

సొంత పాట కట్టేటప్పుడు ఈ పటాన్నే చట్రంగా పెట్టుకుని మీ శబ్దాలు నింపండి. నా దృష్టిలో ఎక్కువ నేర్పేవి ఖాళీ గళ్లే. డ్రాప్‌కు, అంటే పాట ఒక్కసారిగా ఊపందుకునే చోటుకు, ముందు కిక్ ఆగిపోయిన ఆ ఖాళీని ఒకసారి చూడండి, తర్వాతి దెబ్బకు అంత బలం ఎలా వచ్చిందో అర్థమవుతుంది.

డ్రమ్ అండ్ బేస్ అనే వేగమైన ఎలక్ట్రానిక్ శైలిలో కిక్ ప్రతి బీట్‌కూ పడదు కాబట్టి ఈ లెక్క తప్పుతుంది. అక్కడ కాలితో తాళం వేసి లెక్కించండి. స్థిరమైన తాళం లేని యాంబియెంట్ సంగీతానికి ఈ పద్ధతి పనికిరాదు.